యోజెఫ్ వవ్రౌషెక్

యోజెఫ్ వవ్రౌషెక్ (1944 సెప్టెంబరు 15 – 1995 మార్చి 18) చెక్ పర్యావరణవేత్త, రాజకీయ నాయకుడు. కమ్యూనిస్టు పాలన ముగిశాక చెకోస్లొవేకియా ఫెడరల్ ప్రభుత్వంలో మంత్రి హోదాతో పర్యావరణ కమిటీకి అధ్యక్షత వహించాడు.

పుట్టింది ప్రాగ్‌లో. చదువు మెకానికల్ ఇంజనీరింగ్. 1968లో మందులతో టాట్రా లారీలో గాబన్ దేశంలోని లాంబరెనేకు, ఆల్బర్ట్ ష్వైట్జర్ నెలకొల్పిన ఆసుపత్రికి వెళ్లిన యువబృందంలో ఒకడు. తర్వాతి ఇరవై ఏళ్లు పరిశోధనలో గడిచాయి.

ఆ కాలంలో ఉత్తర బొహీమియా గనుల నుంచి తీసిన గోధుమ బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో మండేది. దాని గంధక వాయువుకు సరిహద్దు కొండల మీది స్ప్రూస్ అడవులు నిలువునా ఎండిపోయాయి. 1989 నవంబరు 11న తెప్లిత్సె పట్టణంలో జనం పీల్చదగ్గ గాలి కావాలంటూ వీధుల్లోకి వచ్చారు. వెల్వెట్ విప్లవం మొదలైంది ఆ తర్వాత ఆరు రోజులకే. ఆ విప్లవాన్ని నడిపిన పౌర వేదిక స్థాపకుల్లో వవ్రౌషెక్ ఉన్నాడు.

1990 నుంచి 1992 వరకు, రెండేళ్లే పదవిలో ఉన్నా ఆయన చేసిన పని పెద్దది. 1992 నాటి 17వ నంబరు పర్యావరణ చట్టం ఆ కాలానిదే. సుస్థిర అభివృద్ధికి చట్టబద్ధమైన నిర్వచనం ఇచ్చిన ఈ శాసనం దేశం రెండుగా విడిపోయాక కూడా నిలిచింది.

అంతకన్నా ముఖ్యమైనది దోబ్రీష్ సమావేశం. ప్రాగ్‌కు నైరుతి దిక్కునున్న దోబ్రీష్ కోటలో 1991 జూన్ 21–23 తేదీల్లో తూర్పు, పడమర ఐరోపా పర్యావరణ మంత్రులను ఆయన మొదటిసారి ఒకచోట కూర్చోబెట్టాడు. నదికీ పొగకూ సరిహద్దు లేనప్పుడు బాధ్యత కూడా ఉమ్మడిదేనన్నది ఆ ప్రయత్నం వెనుక ఉన్న దూరదృష్టి. ఖండం మొత్తం పర్యావరణ స్థితిపై ఒకే నివేదిక తేవాలని అక్కడ నిర్ణయించారు. ఐరోపా పర్యావరణ సంస్థ దాన్ని 1995లో దోబ్రీష్ పేరుతోనే ప్రచురించింది.

1992 ఎన్నికల తర్వాత పదవి పోయింది, ఆ ఏడాది చివరికి దేశమే లేకుండా పోయింది. వవ్రౌషెక్ సుస్థిర జీవన సంఘాన్ని స్థాపించి, మనిషి విలువలు మారితే తప్ప ప్రకృతి నిలవదని ప్రచారం చేశాడు. పర్వతారోహణ ఆయనకు ప్రాణం. 1995లో స్లొవేకియాలోని పశ్చిమ టాట్రా పర్వతాల్లో హిమపాతం కింద చిక్కుకుని కుమార్తెతో పాటు మరణించాడు.

దోబ్రీష్‌తో మొదలైన సమావేశాలు లూసర్న్, సోఫియాల మీదుగా సాగి 1998లో డెన్మార్క్‌లోని ఆర్హుస్ చేరాయి. పర్యావరణ సమాచారం అడిగే హక్కు పౌరులకిచ్చిన ఆర్హుస్ ఒప్పందంపై సంతకాలు జరిగింది అక్కడే.