ఘాట్ కింద పాచిపెంట

వానలు వెనకపట్టి వలిసెలు పూతకొచ్చాయంటే చాలు, శనివారం పొద్దున్నే విశాఖ కార్లు, విజయనగరం కార్లు ఒకదాని వెనక ఒకటి సాలూరు దాటుతాయి. కొందరు దేవమాలికి, కొందరు కోరాపుట్‌కు. ఇంకొందరు సెమిలిగూడ మీదుగా పాడువా చూసుకుని అరకులో దిగి ఎస్.కోట దారిన ఇల్లు చేరేవాళ్ళు. టీ కోసం ఆగినవాళ్ళను మావాళ్ళు అడిగే మాట ఒక్కటే. "ఏటి బావూ, పైకేనా?" పైకే. పి.కోనవలస దగ్గర ఘాట్ మొదలవుతుంది, గేరు మారుతుంది, కెమెరాలు బయటికొస్తాయి. పక్కనే పాచిపెంట అని ఒక ఊరుందని, ఆ ఘాట్‌కు ఒకప్పుడు కావలి కాసింది ఆ ఊరేనని ఎవరికీ పట్టదు.

పట్టనందుకు వాళ్ళనేమీ అనను. మా ఊరికి ఎన్నడూ గమ్యం అన్న హోదా లేదు. పల్లకీలు, పెరికెద్దులు, నాటుబండ్లు, లారీలు, ఇప్పుడీ కార్లు, అన్నీ ఇటు మీదుగా ఎక్కడికో పోయినవే. అయితే దారి పక్కన ఉన్నవాళ్ళకు కనిపించే చరిత్ర వేరే ఉంటుంది.

మొదట దొరల సంగతి. కొండ మీద నందపురం రాజధానిగా, ఆ తర్వాత జయపురం రాజధానిగా ఏలిన రాజులకు సముద్రపు ఒడ్డుతో పని ఉండేది. ఉప్పు కావాలి, గుడ్డ కావాలి, గుర్రాలు కావాలి. కిందికి దిగే దారుల్లో ఒకటి మా కొండల నడుమ నుంచి వస్తుంది. ఆ దారిని కాయడానికి జయపురం రాజు పెట్టిన బంట్ల నాయకుడు తమ్మన్నదొర. ఆయనే పాచిపెంట జమీందారీ వంశానికి మూలపురుషుడని 1907లో ఫ్రాన్సిస్ దొర రాసిన విశాఖపట్నం జిల్లా గెజెటీరు చెబుతుంది. రాజు ఆయనకిచ్చిన బిరుదు 'దక్షిణ కవాట యువరాజు'. రాజ్యానికి దక్షిణపు తలుపు ఆయన చేతిలో ఉందన్నమాట. తలుపు మావాళ్ళ చేతిలో, ఇల్లు ఎక్కడో కొండమీద. అప్పటినుంచీ మా కథ ఇంతే.

తర్వాత తర్వాత విజయనగరం రాజులు పూసపాటివారి నీడ ఈ కొండల దాకా పాకింది. కొండవార జమీలు ఒక్కొక్కటే విజయనగరం గుప్పిట్లోకి పోయాయి, పాచిపెంట కూడా. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర పూసపాటి విజయరామరాజు కుంఫిణీ సైన్యం చేతిలో పడిపోయాక పాత వంశాలను వెతికి మళ్ళీ గద్దె మీద కూర్చోబెట్టారు. కురుపాం, మేరంగి, చెముడు, సాలూరు, ఆండ్ర, వాటితోపాటు పాచిపెంట. 1802లో శాశ్వత పైసలా కట్టారు. 1948 నాటి చట్టంతో జమీలన్నీ రద్దయ్యాయి. ఈ నూటయాభై ఏళ్ళలో దొరల ఇంటి వారసత్వ తగాదాలు, అప్పులు, వేలాలు అన్నీ ఉన్నాయి గానీ, ఏ జమీ కథ తీసినా అవే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను.

దొరల కంటే నాకు ఎక్కువ ఆసక్తి జ్వరం మీద. నవ్వకండి. మన్యం జ్వరం లేకపోతే ఈ కొండల చరిత్ర ఇంకోలా ఉండేది. నీలగిరుల్లో ఊటీ, పళని కొండల్లో కొడైకెనాల్ లాంటి చల్లటి ఊళ్ళు కట్టుకున్న తెల్లవాళ్ళు మా కొండల్లో ఒక్కటీ ఎందుకు కట్టలేదు? ఎత్తుకు లోటు లేదు, చలికి లోటు లేదు. దేవమాలి 1672 మీటర్లు, ఒడిశాలో దాన్ని మించిన శిఖరం లేదు. అరకు వైపు గాలికొండ మీద సిపాయిలకు విశ్రాంతి స్థావరం కడదామని పందొమ్మిదో శతాబ్దంలో ప్రయత్నించి, జ్వరాల దెబ్బకు వదిలేశారు. ఈ జ్వరానికి దోమే కారణమని రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో తేల్చింది 1897లో. అప్పటిదాకా కొండగాలి అంటేనే భయం. కింది దేశపు సైన్యం ఏదైనా ఘాట్ ఎక్కితే సగం మంది మంచాన పడేవారు. దక్షిణ కవాటానికి దొరల కంటే దోమ గట్టి కాపలా కాసిందని నా అభిప్రాయం.

సైన్యాలు భయపడ్డా ఉప్పు ఆగలేదు. లంబాడీలు వందలకొద్దీ పెరికెద్దులతో తీరం నుంచి ఉప్పు ఎక్కించుకుని జయపురం, బస్తరు దాకా పోయేవారు. తిరుగు ప్రయాణంలో ధాన్యం, పసుపు, చింతపండు, వలిసెలు దించేవారు. 1863లో బ్రిటిషువాళ్ళు జయపురంలో నేరుగా తమ అధికారులను పెట్టాక ఘాట్ మీద బండిబాటల పని ఊపందుకుంది. ఎద్దు వీపు మీది సరుకు బండిలోకి మారింది. బండి ఎక్కగలిగిన చోటికి షావుకారు ఎక్కుతాడు, అప్పు ఎక్కుతుంది, సారా కాంట్రాక్టూ అటవీ గార్డూ ఎక్కుతారు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకునేవాడు తన కొండ మీద తానే దొంగ అయ్యాడు. కింది నుంచి చూస్తే కవాటం అంటే దారి. పై నుంచి చూసేవాడికి అదే కవాటం గొళ్ళెంలా కనిపించి ఉంటుంది.

అలా చూసినవాళ్ళలో ఒకడు కొర్రా మల్లయ్య. కొండదొర తెగవాడు. మాకు చేరువలోని కొర్రవానివలస మనిషి. 1900 సంవత్సరం మొదట్లో అతని చుట్టూ జనం చేరడం మొదలెట్టారు. ఏజెన్సీ నలుమూలల నుంచీ వచ్చి అక్కడే గుడిసెలు వేసుకున్నారు. నాలుగైదు వేలమంది దాకా పోగయ్యారని ఆనాటి రికార్డు. కొన్నాళ్ళు గొడవేమీ లేదు. తర్వాత, అప్పటికే జనం స్వామి అని పిలుస్తున్న మల్లయ్య తాను పంచపాండవుల్లో ఒకరి అవతారమన్నాడు. చంటిబిడ్డ అయిన తన కొడుకే శ్రీకృష్ణుడన్నాడు. ఇంగ్లీషువాళ్ళను తరిమేసి రాజ్యం తానే ఏలతానన్నాడు. వెదురు బొంగులు నరికించి తుపాకుల ఆకారంలో చెక్కించాడు. మంత్రబలంతో అవి నిజం తుపాకులవుతాయి, సర్కారు ఆయుధాలు నీళ్ళయిపోతాయి. ఆ బొంగులు భుజాన పెట్టుకుని జనం రోజూ కవాతు చేశారు.

ఆ తర్వాత వాళ్ళు పంపిన కబురు: పాచిపెంట దోచుకోవడానికి వస్తున్నాం.

ఇక్కడ కాస్త ఆగాలి. రాజ్యం ఏలదలచినవాడు విశాఖపట్నం కలెక్టరు బంగళా అనలేదు, విజయనగరం కోట అనలేదు. పాచిపెంట అన్నాడు. కొండమనిషికి తెలిసిన ప్రభుత్వం అదే. జమీందారు ఉండేది ఇక్కడ, షావుకారు తక్కెడ ఉండేది ఇక్కడ, సంతలో చింతపండు ధర తేల్చేది ఇక్కడ. మా తాతముత్తాతల కాలపు పాచిపెంటను కొండవాళ్ళు ఏ కళ్ళతో చూశారో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకలేదు.

మే 1న సంగతి చూసి రమ్మని ఇద్దరు కానిస్టేబుళ్ళను పంపితే జనం మీదపడి కొట్టి చంపేశారు. శవాలు తెచ్చుకోవడానికి పోయిన స్థానిక పోలీసులు ఆ గుంపును చూసి వెనక్కి తిరిగారు. అప్పుడు జిల్లా మేజిస్ట్రేటే స్వయంగా వచ్చి విశాఖపట్నం, పార్వతీపురం, జయపురం నుంచి రిజర్వు పోలీసులను రప్పించాడు. మే 7 తెల్లవారుజామున శిబిరం మీద పడ్డారు. జనం ఎదురు తిరిగారు, పోలీసులు కాల్చారు. పదకొండుమంది చనిపోయారు. అరవైమంది మీద దొమ్మీ కేసు, స్వామితో కలిపి ముగ్గురి మీద హత్య కేసు పెట్టారు. స్వామి జైల్లోనే పోయాడు. మిగతా ఇద్దరినీ ఉరితీశారు. కృష్ణుడన్న ఆ పసివాడూ దక్కలేదు. గొడవ అంతటితో సమసిందని రాసి, రికార్డు మూసేశారు.

రికార్డు వాళ్ళను మతిచెడిన మూఢభక్తుల కింద జమకట్టింది. వెదురు తుపాకి అనగానే మనవాళ్ళకూ నవ్వొస్తుంది. కానీ సరిగ్గా ఆ వేసవిలోనే, 1900 జూన్ 9న, రాంచీ జైల్లో బిర్సా ముండా కన్నుమూశాడు. ఆయన్నీ జనం దేవుడనే కొలిచారు, ఆయన పోరూ అడవి కోసమే, భూమి కోసమే. ఐదేళ్ళ తర్వాత జర్మన్ల కింద ఉన్న తూర్పు ఆఫ్రికాలో పత్తి సాగు వెట్టి భరించలేక తిరగబడ్డ జనానికి కింజికిటిలే అనే మంత్రగాడు ఇచ్చిన అభయం కూడా అదే. తూటాలు నీళ్ళయిపోతాయి. కొర్రవానివలస మాట అక్కడికి ఎవరూ మోసుకుపోలేదు. ఎదుటివాడి దగ్గర తుపాకి, తన దగ్గర వెదురు ఉన్నప్పుడు మనిషికి మిగిలే ఊహ ఎక్కడైనా అదేనేమో. బిర్సాకు ఇవాళ దేశమంతటా విగ్రహాలున్నాయి. మల్లయ్య పేరు సాలూరు దాటితే చాలామంది వినను కూడా వినలేదు.

ఇరవయ్యో శతాబ్దం మా ఊరిని కదపకుండానే చాలా చోట్లు తిప్పింది. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు జయపురం, కోరాపుట్, పొట్టంగి అటు పోయాయి, సాలూరు తాలూకా ఇటు ఉండిపోయింది. ఘాట్ ఎక్కి సుంకి చేరేసరికి వేరే రాష్ట్రం. రాజ్యం ఒకవైపు, దాని దక్షిణ కవాటం ఇంకోవైపు. ఆ గీత అంత బాగా గీయలేదనడానికి సాలూరు మండలం అంచున కొటియా గ్రామాలే సాక్షి. ఆ ఇరవయ్యొక్క ఊళ్ళు ఎవరివన్నది 1968లో సుప్రీంకోర్టుకెక్కి, 2006లో అక్కడ తేలక, ఇప్పటికీ రెండు రాష్ట్రాలూ రేషన్ కార్డులిచ్చే దాకా వచ్చింది. ఇక జిల్లాల సంగతి: మొదట విశాఖపట్నం, 1950 నుంచి శ్రీకాకుళం, 1979 నుంచి విజయనగరం, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం. ఒకే ఇంట్లో పుట్టిన తాత, తండ్రి, కొడుకు, మనవడు నాలుగు జిల్లాల వాళ్ళు కావచ్చు.

ఇంత విన్నాక కూడా రెండు రోజులు గడపడానికి వస్తానంటే, రండి. లాడ్జి గదుల మీద ఆశ పెట్టుకోకండి, ఆ ముచ్చట సాలూరులోనే తీర్చుకోవాలి. బొబ్బిలి నుంచి సాలూరుకు ఒకే పెట్టెతో ఊగుతూ వచ్చే రైలుబస్సు ఉండేది. దాని మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు. కేసలి దగ్గర పెద్దగెడ్డ రిజర్వాయరు సాయంత్రం పూట బాగుంటుంది. శివరాత్రికి పారమ్మకొండ ఎక్కే జనంలో పడితే మీరు ఎక్కనక్కర్లేదు, వాళ్ళే ఎక్కించేస్తారు. సాలూరు వైపు లొద్ద జలపాతం ఉంది. సాలూరును తడిపే వేగావతి పుట్టింది మా పాచిపెంట కొండల్లోనే. ఈ గెడ్డల నీళ్ళ మీద కరెంటు కంపెనీల చూపు కూడా పడింది. కర్రివలసలో 1000 మెగావాట్లు, కురుకుట్టిలో 1200 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టులకు 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. మా కొండ మాకు ఉంటుందా అని గిరిజనులు అడుగుతున్నారు. మీరు ఫొటో తీసుకునే లోయ రేపు ఎలా ఉంటుందో ఆ జవాబును బట్టి ఉంటుంది.

నన్నడిగితే సంత రోజు చూసుకుని రావాలి. పై ఊళ్ళవాళ్ళు చీకటితో బయల్దేరి దిగుతారు. కొండచీపుర్ల కట్టలు, చింతపండు మూటలు, అల్లం, సామలు, చోళ్ళు. ఒక మూలన అడ్డాకు కట్టల దగ్గర ఆడవాళ్ళు కూర్చుంటారు. కాసేపు నిలబడి చూడండి. ఎండిన ఆకు పెళుసుగా ఉంటుంది కాబట్టి ముందు నీళ్ళు చిలకరించి గోనెపట్టా కింద పెడతారు. మెత్తబడ్డాక ఒక ఆకు అంచు మీద ఇంకో ఆకు ఆన్చి, గోటిమందం వెదురు పుల్లను గుచ్చి పైకి లేపి, మళ్ళీ కిందికి దింపి, మిగిలిన ముక్కను టప్పున విరుస్తారు. చూపు ఆకు మీద ఉండదు. కబుర్లు పక్కావిడతో, బేరం ఎదుటివాడితో, విస్తరి మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది షావుకారు తక్కెడ నుంచి ఈ చేతులను కాపాడడానికే. ఎంత కాపాడిందన్నది ఆ ఆడవాళ్ళనే అడగండి, మొహమాటం లేకుండా చెబుతారు. చోడి అంబలి దొరికితే తాగండి. ఫొటో మాత్రం అడిగి తియ్యండి.

ఘాట్ ఎక్కేవాళ్ళకు ఒక మాట. ఇది రాయపూర్ నుంచి విశాఖకు సరుకు దిగే దారి, లారీలదే రాజ్యం. అసలు సాలూరు పేరు నిలిచిందే లారీల మీద. మలుపులో పచ్చి కొమ్మలు నరికి రోడ్డు మీద పరిచి ఉంటే అవతల బండి ఆగిపోయిందని గుర్తు. కొమ్మలు కనబడగానే నెమ్మదించండి, హారన్ కొట్టండి. లారీ బాగయ్యాక టైరు కింద పెట్టిన రాయి అక్కడే వదిలి పోయేవాళ్ళున్నారు. చీకటిలో కార్లను అదే ముంచుతుంది. దిగేటప్పుడు ముందు లారీ చక్రాల నుంచి కాలిన వాసన వస్తే దాటెయ్యాలని చూడొద్దు, పక్కకు ఆపి పోనివ్వండి.

ఈ లారీల రద్దీ కూడా ఎన్నాళ్ళో ఉండదు. రాయపూర్ నుంచి సబ్బవరం దాకా 464 కిలోమీటర్ల ఆరు వరసల కొత్త రోడ్డు సాలూరు పక్కనుంచే వస్తోంది. అది పూర్తయితే బరువు బళ్ళు మా మలుపులు ఎక్కనక్కర్లేదు. లారీ యజమానికి డీజిలు కలిసొస్తుంది. ఘాట్ మొదట్లో టీ కొట్టుకూ పంక్చరు షాపుకూ గిరాకీ పడిపోతుంది. అది కంచె కట్టిన రోడ్డు, ఎక్కే చోట్లు దిగే చోట్లు ఎంచి పెట్టినవే ఉంటాయి. చింతపండు మూట నెత్తిన పెట్టుకుని సంతకు దిగేవాళ్ళకు దాంతో పనిలేదు. వాళ్ళు వచ్చేది పాత దారినే.