విద్యార్థులే సంపాదకులు



వైద్యశాస్త్ర పత్రికకు పేరున్న వైద్యులు సంపాదకులుగా ఉంటారు. అది మనకు తెలిసిన పద్ధతి. కానీ అమెరికాలో పేరుపడ్డ న్యాయశాస్త్ర పత్రికలు చాలావరకు ఇంకా పట్టా పుచ్చుకోని విద్యార్థుల చేతుల్లో ఉన్నాయంటే మీకు వింతగా తోచవచ్చు. తలపండిన ప్రొఫెసరు పంపిన వ్యాసాన్ని అచ్చువేయాలా, తిప్పి పంపాలా అని తేల్చేది అక్కడి కుర్రకారే. మరి ఆ కుర్రవాళ్లను ఎంచేదెలా? ఆ సంగతి ఈ పూట చెప్పుకుందాం.

1875లో ఆల్బనీ లా స్కూలు విద్యార్థులు ఒక పత్రిక మొదలుపెట్టారు. అది ఏడాదికే ఆగిపోయింది. నిలదొక్కుకున్నది 1887లో పుట్టిన హార్వర్డ్ లా రివ్యూ. తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన లూయీ బ్రాండైస్, పూర్వ విద్యార్థిగా దానికి అండగా నిలిచాడు. 1891లో యేల్ లా జర్నల్ వచ్చింది. సరిగ్గా ఆ ఏడే మన మద్రాసులో మద్రాస్ లా జర్నల్ కూడా వెలువడింది. అయితే దాన్ని నడిపినది విద్యార్థులు కారు, న్యాయవాదులు.

హార్వర్డ్‌లో చాలాకాలం సభ్యత్వానికి కొలబద్ద ఒక్కటే, మొదటి సంవత్సరం పరీక్షలో మార్కులు. ఆ కొలబద్దకు ఒక మేలు ఉంది. జాతి వివక్ష రాజ్యమేలుతున్న 1921లో చార్లెస్ హ్యామిల్టన్ హ్యూస్టన్ అనే నల్లజాతి యువకుడు మార్కుల బలంతోనే ఆ పత్రికలో చేరాడు. అంతకు ముందు నల్లజాతివారెవరూ అందులో లేరు. తర్వాత హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఆయన పాఠాలు విన్నవాడే థర్గుడ్ మార్షల్. బడుల్లో తెల్లపిల్లల్ని, నల్లపిల్లల్ని వేరుచేయడం రాజ్యాంగ విరుద్ధమని 1954లో తీర్పు తెచ్చినది ఆ మార్షలే.

కానీ మార్కుల గుమ్మం దాకా రావాలంటే ముందు కాలేజీ గేటు దాటాలి కదా! హార్వర్డ్ లా స్కూలు 1950 వరకు ఆడవాళ్లను చేర్చుకోనే లేదు. పత్రిక అధ్యక్ష పదవికి ఒక మహిళ, సూసన్ ఎస్ట్రిచ్, ఎన్నికైనది 1976లో. నల్లజాతి అధ్యక్షుడు వచ్చింది 1990లో. ఆయన బరాక్ ఒబామా.

పైగా, ఏడాదికొక్క పరీక్షలో గబగబా రాసినంత మాత్రాన నిదానంగా వ్యాసం దిద్దడం వస్తుందా? ఈ ప్రశ్న బలపడి, 1960ల చివరి నుంచి రచనా పోటీ ముందుకు వచ్చింది. ఆ పోటీ తీరు ఇలా ఉంటుంది. మొదటి సంవత్సరం పరీక్షలు కాగానే విద్యార్థి చేతికి ఒక కాగితాల కట్ట ఇస్తారు. అందులో తీర్పులు, వ్యాసాలు ఉంటాయి. ఆ కట్ట దాటి బయటి పుస్తకం తెరవకూడదు. కొద్ది రోజుల్లో ఒక తీర్పు మీద విమర్శ రాయాలి. చాలాచోట్ల, కావాలని తప్పులు చొప్పించిన ఒక వ్యాసాన్ని దిద్దమని కూడా ఇస్తారు. జవాబు మీద పేరుండదు, అంకె మాత్రమే ఉంటుంది. దిద్దేది పై తరగతి విద్యార్థులు. కొన్ని పత్రికలు దీనికి మార్కులు కూడా కలిపి చూస్తాయి.

చోటు దొరికాక అసలు చాకిరీ మొదలవుతుంది. వ్యాసంలోని ప్రతి అధస్సూచికనూ మూలగ్రంథం తీసి సరిచూడాలి. ఏ తీర్పును ఏ విధంగా ఉదహరించాలో చెప్పే బ్లూబుక్ 1926లో 26 పేజీల చిన్న పుస్తకం. ఇప్పుడది వందల పేజీలు. ఇంత చాకిరీకి పోటీ ఎందుకంటారా? జడ్జీలు తమ దగ్గర పనికి కుర్రవాళ్లను తీసుకునేటప్పుడు, పెద్ద సంస్థలు ఉద్యోగాలిచ్చేటప్పుడు ఈ సభ్యత్వం చూస్తాయి. అందుకే ఎవరు లోపలికి రావాలన్న తగవు అక్కడ ఎన్నడూ చల్లారలేదు. కళాశాల ప్రవేశాల్లో జాతిని లెక్కించరాదని 2023లో సుప్రీంకోర్టు చెప్పాక అది మరింత వేడెక్కింది.

ఇదంతా దూరపు ముచ్చట అనుకోకండి. బెంగళూరులోని నేషనల్ లా స్కూల్‌లోనూ, హైదరాబాదు నల్సార్‌లోనూ విద్యార్థులే సంపాదకులుగా న్యాయ పత్రికలు వెలువడుతున్నాయి. కోలారు నుంచో, బళ్ళారి నుంచో, హోసూరు నుంచో మీ ఇంటి పిల్లలు లా చదవడానికి వెళితే, మార్కులతోపాటు ఒక తీర్పును ఓపికగా చదివి, నాలుగు పేజీల్లో తప్పుల్లేకుండా రాయడం అలవాటు చేసుకోమనండి. పేరు తీసేసి అంకె వేసిన కాగితం మీద ఊరూ కనబడదు, ఇంటిపేరూ కనబడదు. కనబడేది రాత ఒక్కటే.