ఎయిర్‌బ్యాగ్, టైరు గాలి హెచ్చరిక: ఆవిష్కరణ నుండి చట్టం దాకా

ఒక వస్తువు చరిత్రను దాన్ని కనుగొన్న తేదీతో ముగిస్తే అసలు కథ మీకు అందదు. ఎయిర్‌బ్యాగ్‌నే తీసుకోండి. అమెరికాలో జాన్ హెట్రిక్ 1953లోనే దానికి పేటెంట్ పొందాడు. కార్ల కంపెనీలు పట్టించుకోలేదు. పేటెంట్ గడువు తీరేదాకా ఆయనకు చిల్లిగవ్వ రాలేదు. అలాగని తప్పంతా కంపెనీలదే అనుకోకండి. గుద్దుకున్నాక రెప్పపాటులోపే సంచి ఉబ్బాలి. హెట్రిక్ నమ్ముకున్న సంపీడన గాలికి అంత వేగం లేదు. 1968లో ఆలెన్ బ్రీడ్ రూపొందించిన సెన్సర్, రసాయన చర్యతో క్షణంలో నైట్రోజన్ పుట్టించే పద్ధతి వచ్చాకే అది సాధ్యమైంది. అయినా అక్కడ కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయ్యేసరికి 1990ల చివరికొచ్చింది. ఈలోగా ముందు సీటులోని కొందరు పిల్లలు ఆ సంచి తాకిడికే చనిపోయారు. పిల్లలను వెనుక కూర్చోబెట్టమనే హెచ్చరిక వెనుక ఆ మరణాలున్నాయి. మన దేశంలో డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019 జూలైలో.

టైరు గాలిని కనిపెట్టే ఏర్పాటు 1986 నాటికే పోర్షే 959 అనే ఖరీదైన కారులో ఉంది. అది మామూలు కార్లకు దిగింది మాత్రం ప్రాణాలు పోయాకే. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల పొరలు ఊడి, బండ్లు బోల్తాపడి ఎందరో మరణించిన సంగతి 2000లో పెద్ద వివాదమైంది. అమెరికా కాంగ్రెసు ఆ ఏడాదే చట్టం చేసింది. 2007 సెప్టెంబరు నుండి అక్కడి కొత్త కార్లన్నిటిలో, గాలి నిర్ణీత స్థాయికంటే 25 శాతం తగ్గితే హెచ్చరిక దీపం వెలగాలి. ఈ లెక్కను గమనించండి: మన పెట్రోలు బంకు భాషలో, 32 పాయింట్లు ఉండవలసిన టైరు 24కు పడిపోయేదాకా ఆ దీపం వెలగకపోవచ్చు.