హిల్స్‌బరో: అభిమానులను బోనులో పెట్టిన గ్రౌండ్

1980లలో ఇంగ్లండ్‌లో బయటి ఊరి ఫుట్‌బాల్ అభిమానులను చాలా గ్రౌండ్లలో ఇనుప కంచెల మధ్యే నిలబెట్టేవాళ్లు. షెఫీల్డ్‌లోని హిల్స్‌బరోలో లెప్పింగ్స్ లేన్ వైపు అలాంటిదే. 1989 ఏప్రిల్ 15న సెమీఫైనల్‌కి వచ్చిన లివర్‌పూల్ వాళ్లను అటు పంపారు. నిలబడి చూసే 10,100 మందికి ఉన్నవి 7 ఇరుకు దారులే. బయట ఒత్తిడి పెరిగి పోలీసులు పెద్ద గేటు తెరిచారు. జనం నేరుగా అప్పటికే నిండిన మధ్య బోనుల్లోకి వెళ్లారు. ముందు కంచె, వెనక జనం. నలిగి, ఊపిరాడక పోయినవాళ్లు, తర్వాత చనిపోయినవాళ్లతో కలిపి 97 మంది.

అభిమానులే గేటు విరగ్గొట్టారని పోలీసు అధికారి అబద్ధం చెప్పాడు. కుటుంబాలు వదల్లేదు, 27 ఏళ్లు కొట్లాడాయి. తప్పు అభిమానులది కాదని 2016లో జ్యూరీ తేల్చింది. చనిపోయినవాళ్ల మీద నింద వేయడానికి ఒక్కపూట చాలు. తుడవడానికి ఒక తరం పట్టింది. ఆ కుటుంబాలకు జోహార్లు.