శాంతినికేతనపు ఆరుబయలు: విద్యార్థి మనఃస్వాస్థ్య చరిత్రలో ఒక అధ్యాయం

విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లోని చెట్లూ మైదానాలూ విద్యార్థి మనసుకు చేసే మేలును గూర్చిన చర్చ నేడు ఎక్కువగా మనస్తత్వ శాస్త్రజ్ఞుల చేతుల్లో ఉంది. ఆ ప్రశ్నకొక చరిత్ర ఉన్నదన్న సంగతి మరుగున పడింది. ఆరుబయటి స్థలాన్నే విద్యాసంస్థకు ఆధారంగా స్వీకరించిన ప్రయోగం మనదేశంలో శాంతినికేతనంలో జరిగింది. దానిని ప్రాచీన తపోవనాల పునరుద్ధరణగా వర్ణించడం పరిపాటి. ఆ వర్ణనకు రవీంద్రనాథ్ ఠాగూరే కొంత కారకుడు. 1909 నాటి ఆయన ‘తపోవన’ వ్యాసం అందుకు సాక్ష్యం. అయితే ఆ ప్రయోగపు మూలాన్ని తపోవనంలో కన్నా కలకత్తాలోని ఒక కిటికీ దగ్గర వెదకడం సమంజసమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

జొరాసాంకోలోని తమ ఇంట శ్యామ్ అనే సేవకుడు తనను ఒకచోట కూర్చుండబెట్టి, చుట్టూ సుద్దతో గీత గీసి, దాటితే ఆపద తప్పదని బెదిరించేవాడని ఠాగూరు ‘జీవనస్మృతి’లో చెప్పుకున్నారు. గీత దాటిన సీత పడిన పాట్లు రామాయణంలో విని ఉన్న బాలుడు ఆ బెదిరింపును తేలికగా తీసుకోలేకపోయాడు. కిటికీ కింద చెరువు. గట్టున ఊడలు దిగిన మర్రి. పగలంతా వాటిని చూడడమే అతని పని. పిమ్మట ఓరియంటల్ సెమినరీ, నార్మల్ స్కూలు, బెంగాల్ అకాడమీ, సెయింట్ జేవియర్స్ మారినా ఎక్కడా అతని చదువు కుదుటపడలేదు. ఆరుబయలును ఆయన ముందుగా తెలుసుకున్నది అనుభవంగా కాదు, కొరతగా. ఈ భేదం చిన్నదిగా తోచవచ్చు గాని, తరువాతి కథ అంతా దీనిపైనే నిలిచి ఉంది.

1863లో దేవేంద్రనాథ్ ఠాగూరు బోల్పూరు సమీపాన స్వీకరించిన భూమి వనం కాదు. అది బీర్భూమ్ జిల్లాలోని ఎర్రమట్టి బయలు. వాననీటి కోతకు ఆ నేలలో ఏర్పడిన గండ్లను అక్కడివారు ఖొయాయి అంటారు. దేవేంద్రనాథులకు ధ్యానస్థానమైనది ఛాతిమ్ చెట్ల నీడ. ఛాతిమ్ అంటే మన ఏడాకుల పొన్న. నేడు సందర్శకులు మెచ్చుకునే సాలవృక్షాల బాట, మామిడితోపు మనుషులు నాటి పెంచినవి. కనుక శాంతినికేతనపు ‘ప్రకృతి’ శ్రమఫలమన్న మాట విస్మరించరాదు.

1901 డిసెంబరులో అయిదుగురు విద్యార్థులతో పాఠశాల మొదలైంది. వారిలో కవి కుమారుడు రథీంద్రనాథ్ ఒకడు. బల్లలు లేవు; ఎవరి ఆసనం వారు చెట్టు కిందికి తెచ్చుకొని కూర్చునేవారు. వాన వస్తే పాఠం ఆగేది. ఒక బాలుడు చెట్టెక్కి కొమ్మల పంగలో కూర్చుని చదువుకోవడం చూసి, సందర్శనకు వచ్చిన ఒక ఉపాధ్యాయుడు అసంతృప్తి చెందిన ఉదంతాన్ని ఠాగూరు తన ఆంగ్ల ప్రసంగమొకదానిలో ప్రస్తావించారు. ఆయన సమర్థించినది బాలుణ్ణే. ఇక్కడ చెట్టు దృశ్యం కాదు, వాడుకునే వస్తువు. చూసి ఆనందించే ఉద్యానానికీ ఎక్కి కూర్చునే చెట్టుకూ గల ఈ అంతరాన్ని నేటి ప్రాంగణ నిర్మాతలు పట్టించుకున్నట్టు కనిపించదు. కంచె వేసిన పచ్చిక కిటికీలోంచి చూసే మర్రి వంటిదే.

ఇంతమాత్రాన ఆ తొలినాళ్లను ఆనందధామంగా చిత్రించడం చరిత్ర కాదు. బ్రహ్మచర్యాశ్రమ నియమాలు కఠినమైనవి: వేకువనే లేవడం, చెప్పులు లేకుండా తిరగడం, కాషాయ వస్త్రధారణ. ఆరుబయలు ఇచ్చిన స్వేచ్ఛ, ఈ క్రమశిక్షణ పక్కపక్కనే ఉండేవి. 1904లో యువ అధ్యాపకుడు, కవి సతీశ్‌చంద్ర రాయ్ మశూచితో మరణించగా పాఠశాలను కొంతకాలం శిలైదాకు తరలించవలసి వచ్చింది. స్వచ్ఛమైన గాలి రోగాన్ని ఆపలేదు. మనఃస్వాస్థ్యాన్నీ దేహారోగ్యాన్నీ ఒకే గాటన కట్టే వాదాలకు ఈ సంఘటన హెచ్చరిక.

విశ్వభారతి 1921లో ఏర్పడింది. 1928లో ఠాగూరు వృక్షారోపణోత్సవం ప్రారంభించారు. మొక్కను అలంకరించిన పల్లకిలో పాటలతో, నృత్యంతో ఊరేగించి నాటడం దాని పద్ధతి. నీడను అనుభవించేవారే నీడను పెంచాలన్న భావం ఈ ఉత్సవంలో ఆచారంగా రూపుకట్టింది. ప్రయోగం మొత్తంలో ఇదే విలువైన అంశమని నా భావన.

తెలుగువారికి ఆ నీడ పరాయిది కాదు. రాయప్రోలు సుబ్బారావు అక్కడ కొంతకాలం గడిపి వచ్చి, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించారు. బెజవాడ గోపాలరెడ్డి విశ్వభారతి విద్యార్థి. ఠాగూరు రచనలను తెలుగు చేశారు. వీరి సాహిత్యంలోని ప్రకృతి ప్రీతికి శాంతినికేతనమే కారణమనడం సాహసం. రాయప్రోలు విషయంలో ఆంగ్ల కాల్పనిక కవిత్వ ప్రభావాన్ని కూడా లెక్కించాలి.

ఇటీవలి చరిత్ర మరొక దారి పట్టింది. 2004లో ప్రాంగణంలోని ప్రదర్శనశాల నుండి నోబెల్ పతకం చోరీకి గురైంది. రక్షణ ప్రశ్నతో పాటు ప్రహరీల ప్రశ్నా ముందుకు వచ్చింది. 2020 ఆగస్టులో పౌషమేళా మైదానం చుట్టూ గోడ కట్టబోగా స్థానికులు ఆగ్రహించి నిర్మాణాన్ని ధ్వంసం చేశారు. శాంతినికేతనాన్ని 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.