హైస్కూలులో భాషలూ, సాంఘికమూ

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక తెలుగు జిల్లాల హైస్కూళ్ల చూపంతా మెట్రిక్యులేషన్ మీదే ఉండేది. చరిత్ర, భూగోళం ఇంగ్లీషులో చదివి ఇంగ్లీషులోనే జవాబులు రాయాలి. తెలుగుకు దక్కినది ఒక పాఠ్యాంశం స్థానమే. ఆ గంటలోనూ పద్యాలకు ప్రతిపదార్థాలు, వ్యాకరణ సూత్రాలే తప్ప విద్యార్థి సొంతంగా నాలుగు వాక్యాలు రాయవలసిన అవసరం పెద్దగా పడేది కాదు. 1911 ప్రాంతంలో మెట్రిక్యులేషన్ పోయి స్కూల్ ఫైనల్ వచ్చి, దేశభాషలో వ్యాసరచన తప్పనిసరి కావడంతో పరిస్థితి మారింది. ఏ తెలుగులో రాయాలన్న ప్రశ్న అప్పుడే ముందుకు వచ్చింది.

ఆ ప్రశ్నను గట్టిగా పట్టుకున్న గిడుగు రామమూర్తి బోధన మొదలుపెట్టింది చరిత్ర పాఠాలతో. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చేరి ఒకటో ఫారం పిల్లలకు చరిత్ర చెప్పారు. ఆ ఆసక్తితోనే దగ్గరలోని ముఖలింగం దేవాలయ శాసనాలను స్వయంగా చదవడం నేర్చుకున్నారు. తర్వాత వాడుక భాష కోసం వాదించినప్పుడు ఆయనకు ఈ అలవాటు బాగా అక్కరకొచ్చింది. పాత వచనాల నుంచీ, వ్యాఖ్యానాల నుంచీ ఉదాహరణలు ఏరి, పూర్వులు సైతం వ్యవహార రూపాలు వాడారని చూపించారు. భాషావాదంలోకి చరిత్రకారుడి సాక్ష్యాలను తెచ్చిన ఘనత ఆయనది.

గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్ ఈ పక్షాన నిలిచారు. స్కూల్ ఫైనల్ విద్యార్థులు వ్యాసాన్ని ఆధునిక భాషలో రాయవచ్చని మొదట అనుమతి వచ్చింది. జయంతి రామయ్య పంతులు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు దీన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. విశ్వవిద్యాలయ కమిటీలో సభ్యుడైన గురజాడ 1914లో సుదీర్ఘమైన అసమ్మతి పత్రం సమర్పించినా ఫలితం లేకపోయింది. ఇచ్చిన అనుమతి రద్దయింది. నష్టపోయింది పండితులు కారు, పరీక్ష రాసే పిల్లలు. తాము మాట్లాడే మాట తప్పవుతుందన్న భయంతోనే వాళ్లు మరికొన్ని దశాబ్దాలు జవాబులు రాయవలసి వచ్చింది.

నిజాం రాజ్యంలో సమస్య మరోలా ఉండేది. అక్కడ ఉన్నత పాఠశాలల్లో ఉర్దూ మాధ్యమానిదే రాజ్యం. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు చరిత్రనూ లెక్కలనూ ఉర్దూలో చదివేవారు. మాడపాటి హనుమంతరావు 1928లో హైదరాబాదులో నెలకొల్పిన ఆంధ్ర బాలికల పాఠశాల తెలుగులోనే బోధించింది. అందుకోసం అది ఉస్మానియాను కాదని ఎక్కడో పుణెలో ఉన్న కార్వే మహిళా విశ్వవిద్యాలయంతో ముడిపడింది. తెలుగులో మెట్రిక్ రాయడానికి ఆడపిల్లలకు దొరికిన దారి అది.

'సాంఘికశాస్త్రం' ఒకే సబ్జెక్టుగా రూపు కట్టింది స్వాతంత్ర్యం తర్వాత. అప్పటిదాకా చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం వేటికవే. మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతి ఎ. లక్ష్మణస్వామి ముదలియార్ అధ్యక్షతన 1952లో నియమించిన సెకండరీ విద్యా కమిషన్, వీటిని కలిపి అందరికీ తప్పనిసరి చేయాలని మరుసటి ఏడాది సూచించింది. పుస్తకం ఒకటైనా లోపల భాగాలు చాలాకాలం విడివిడిగానే ఉండిపోయాయి. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు బట్టీ పట్టడమే సాంఘికమన్న పేరు అందువల్లే వచ్చింది. జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం-2005 వెలుగులో 2012 నుంచి వచ్చిన కొత్త పుస్తకాలు ఆ గీతలను చాలావరకు చెరిపి, మనుషుల జీవనాన్నీ, వనరులనూ, హక్కులనూ కలిపి చెప్పే ప్రయత్నం చేశాయి.

భాషల విషయంలో 1968 జాతీయ విద్యావిధానం త్రిభాషా సూత్రాన్ని ఆమోదించింది. ఆంధ్రప్రదేశ్ హైస్కూళ్లలో ఎక్కువమందికి తెలుగు ప్రథమ భాష, హిందీ ద్వితీయం, ఇంగ్లీషు తృతీయం. పదో తరగతి పరీక్షలో మిగతావాటికి 35 మార్కులు రావాలి, ద్వితీయ భాష హిందీకి 20 చాలు. విద్యార్థులు హిందీని ఎంత పట్టించుకున్నారో ఆ నియమమే చాలావరకు నిర్ణయించింది. 1968లోనే ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల పాఠ్యగ్రంథాలను ఆధునిక భాషలో తేవడంతో గిడుగు కోరిన వచనానికి చదువుల్లో గౌరవం దక్కింది.

2014లో రాష్ట్రం విడిపోయాక రెండు చోట్లా సాంఘిక పుస్తకాలు వేరయ్యాయి. తెలంగాణ పదో తరగతి పుస్తకంలోకి రాష్ట్ర సాధన ఉద్యమం పాఠంగా చేరింది. 2018లో తెలంగాణ అన్ని పాఠశాలల్లోనూ తెలుగు బోధనను చట్టంతో తప్పనిసరి చేసింది.