భజనసభలో పుట్టిన సంఘము

పురసవాక్కము అను పేరు పురసు వృక్షమును బట్టి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. మనము దానినే మోదుగ అందుము. ఇచ్చటి గంగాధరేశ్వరస్వామి యాలయమునకు ఆ చెట్టే స్థలవృక్షము. 1693లో ఈ గ్రామము ఎగుమూరు, తండయారుపేటలతో కూడ ఆంగ్లవర్తకుల స్వాధీనమయ్యెను. తెలుగు కుటుంబములు ఈ వీథులలో ఎన్ని తరములనుండి యున్నవో లెక్క చెప్పుట కష్టము. మనవారిని గూర్చి వ్రాయుచో త్యాగరాజస్వామి కృతులను, వేమన పద్యములను, 1829లో చెన్నపట్టణముననే ఆ పద్యములను అచ్చువేయించిన బ్రౌనుదొరను తలచుట పరిపాటి. అది తగినదే. కాని కీర్తనమును, తత్త్వచింతనయు సామాన్యుని నిత్యజీవితములో ఏ మూలకు ప్రవేశించినవో చూపు కథ యొకటి మన పొరుగుననే జరిగినది. దానిని మనము తగినంతగా చెప్పుకొనుట లేదు.

పురసవాక్కమునకు ఉత్తరమున, పెరంబూరు దారిలో, బిన్నీ కంపెనీవారి నేతమిల్లు లుండెడివి. వానిలో బకింగ్‌హాము మిల్లు 1876 నాటిది. కర్ణాటిక్ మిల్లు దాని తరువాత వచ్చినది. తమిళులు, తెలుగువారు, మహమ్మదీయులు, ఆదిద్రావిడులు అందు వేలకొలది పనిచేసిరి. 1911 నాటి ఫ్యాక్టరీ చట్టము నేతమిల్లులలో పురుషుల పనిని దినమునకు 12 గంటలకు మించరాదని శాసించెను. అనగా 12 గంటల పని న్యాయసమ్మతమే యన్నమాట! మధ్యాహ్నభోజనమునకు అర్ధగంట విరామము. చేతులు కడుగుకొనుట, అన్నము తినుట, మరల యంత్రము చెంత నిలుచుట, అన్నియు ఆ అర్ధగంటలోనే ముగియవలెను.

ఆ మిల్లుల పరిసరముననే శ్రీ వేంకటేశ గుణామృతవర్షిణీ సభ యను నొక చిన్న భక్తసమాజ ముండెను. దానిని నడపినవారిలో ముఖ్యులు సెల్వపతి శెట్టియారు, రామానుజులు నాయుడు అను వర్తకు లిరువురు. రామానుజులను పేరు వినిన తెలుగువారికి ఆయన యెవరివాడని యడుగ నక్కర యుండదు. సభలో భజనలు, పురాణప్రవచనములు, ధర్మోపన్యాసములు జరిగెడివి. మిల్లుపని చేసి యలసినవారు అచ్చటికి వచ్చి కూర్చుండెడివారు.

ఇచ్చట మనము కొంచెము నిలిచి యోచింపవలెను. భజనకు వచ్చినవాడు పాట విని యింటికి పోవుట లోకసహజము. ఈ సభలో మరియొకటి జరిగెను. భగవంతుడు సర్వభూతములందును గలడని వినిన చెవి, మిల్లులో మేస్త్రీ నోట వెడలు తిట్టును మరునాడు వేరొక విధముగా విననారంభించును. తిట్టు మారలేదు, వినువాడు మారెను. సభ ముగిసినపిదప కూలీలు తమ కష్టములను ఆ వర్తకులతో చెప్పుకొనిరి. వా రిరువురును అది సభకు సంబంధింపని ప్రసంగమని త్రోసిపుచ్చలేదు. మా యభిప్రాయమున వారి గొప్పతన మంతయు ఇందే యున్నది. ప్రవచనము చెప్పించువారు అనేకులు గలరు. ప్రవచనానంతరము వినువాని మాట వినువారు అరుదు.

1918లో దేశభక్తన్ పత్రికా సంపాదకులు తిరు. వి. కల్యాణసుందర మొదలియారుగారు ఆ సభలో ఉపన్యసించిరి. వర్తకు లిరువురు సహాయము కోరుటకు అనిబిసెంటమ్మగారి న్యూ ఇండియా కార్యాలయమునకు పోయి, అచ్చట బి. పి. వాడియాగారిని కలిసికొనిరి. వాడియాగారు దివ్యజ్ఞానసమాజమునకు చెందిన పార్సీ. నేతపనితో ఆయనకేమి సంబంధము? అయినను వచ్చి చూచెను, వినెను. 1918 ఏప్రిల్ 27, శనివారమునాడు మద్రాసు లేబరు యూనియను స్థాపింపబడెను. క్రమబద్ధమైన కార్మికసంఘములలో భారతదేశమున ఇదియే మొదటిదని చరిత్రకారులు పలువురు అంగీకరింతురు. వాడియాగారు అధ్యక్షులు. ఉపాధ్యక్షులలో మన గుత్తి కేశవపిళ్ళగారును ఒకరు. వర్తకు లిరువురు కార్యదర్శులు. సంఘము మొదట చేపట్టిన కోరికలలో ఆ మధ్యాహ్నవిరామమును పొడిగించుట యొకటి. మోక్షమును గూర్చి చర్చించిన సభ అన్నము తిను నిమిషములకొరకు పోరాడుట కొందరికి హాస్యముగా తోచవచ్చును. మాకట్లు తోచదు.

తరువాతి కథ సుఖముగా సాగలేదు. 1920లో మిల్లులు మూతవేయబడెను. కంపెనీవారు వాడియాగారిపై నష్టపరిహారమునకు హైకోర్టులో దావా వేసిరి. 1921 ఆరంభమున ఆయన సంఘమునుండి తొలగుటతో ఆ తగవు ముగిసెను. ఇట్టి యభియోగములనుండి సంఘములకు రక్షణ కావలెనని ఎన్. ఎం. జోషిగారు కేంద్ర శాసనసభలో పట్టుపట్టిరి. తుదకు 1926లో ట్రేడు యూనియనుల చట్టము వచ్చెను.

కాని 1921లోనే మరియొకటి జరిగెను. దానిని దాచుట న్యాయము కాదు. ఆ యేటి సమ్మెలో ఆదిద్రావిడ కార్మికులలో అనేకులు పనిలోనికి పోయిరి, తక్కినవారు సమ్మెయందే నిలిచిరి. పులియంతోపులో గుడిసెలు తగులబడెను, ప్రాణములు పోయెను. పోలీసులు కాల్పులు జరిపిరి. ఒకే యంత్రశాలలో ఒకే యీలకు లేచి నడచినవారు వీథిలో ఒకరి నొకరు శత్రువులుగా చూచిరి. తప్పంతయు ఒక పక్షముదే యనుట సులభము. కాని తరతరముల అవమానమును భరించిన వానిని సమ్మెనాడు మాత్రమే సోదరుడని పిలిచినచో, అతడు సంశయించుటలో వింత యేమున్నది? సభలో వినిన సమత్వము మిల్లుద్వారమువరకు వచ్చినది. అచ్చటినుండి ఇంటిగడపవరకు గల దూరమును అది నడువలేకపోయినది.

మిల్లులు 1996లో శాశ్వతముగా మూతపడెను. ఆ యీల విని గడియారము సరిచేసికొనిన కుటుంబములు పురసవాక్కములోను, పట్టాళములోను, ఓటేరిలోను ఇప్పటికిని కలవు. వారి యిండ్లలో తాతలనాటి భజనపుస్తకము లున్నచో, వాని అట్టలలోపల సంఘపు చందా చీటి యేదైన దాగియున్నదేమో చూడవలసినదిగా కోరుచున్నాము. మన చరిత్రలో ఈ యధ్యాయమును వ్రాయుటకు అట్టి కాగితములు కావలెను.